శుక్రవారం లైటార్పిన మనిషి

నేరం జరిగింది శుక్రవారం సాయంత్రం, చీకటి పడ్డ కాసేపటికి. నేరస్థుడు లోహిత్. ఆయుధం అతని కుడిచేతి చూపుడువేలు.

అప్పటికి ఆ ఇంట్లోకి వచ్చి గంట కూడా కాలేదు.

అసలు రావాలని వచ్చిన మనిషి కాదు. పాసిర్ రిస్‌లో ఉండే అరుంధతి ఆంటీ సకినాల డబ్బా చేతిలో పెట్టి, "హౌగాంగ్ పోయేటప్పుడు దారిల మా తన్మయికిచ్చి పో బిడ్డా" అంది. తన్మయి ఉండేది వాటర్లూ స్ట్రీట్ పక్క సందులో. సింగపూర్ మ్యాపు చూసినవాళ్లెవరూ దాన్ని దారి అనరు. కానీ లోహిత్ ఎవరికీ కాదని చెప్పడు. ఇది కావాలనీ చెప్పడు. అతని గొడవంతా అదే.

పైగా ఆంటీ సంబంధం కదిపితే, ఆ తన్మయి పోయిన నెలలోనే అతన్ని వద్దని కబురు చేసింది. ముఖం కూడా చూడకుండా.

ఒకప్పుడు కింద కొట్టు, పైన కాపురం ఉండే పాతకాలపు రెండంతస్తుల షాప్‌హౌస్ అది. వాన కుండపోతగా కురుస్తోంది. లోహిత్ బెల్లు కొట్టాడు. తలుపు తెరిచిన అమ్మాయి ఆకుపచ్చ కుర్తాలో, జుట్టు ముడేసుకుని, చేతిలో గరిటెతో నిలబడింది.

"ఎవరు కావాలె?"

"లోహితండీ. అరుంధతి ఆంటీ సకినాలు పంపారు."

ఆమె డబ్బా అందుకోలేదు. అతన్ని పైనుంచి కిందికి చూసింది, మళ్లీ కిందినుంచి పైకి చూసింది.

"ఓహో! ఆ 'మీ ఇష్టం ఆంటీ' మీరేనా?"

"అంటే?"

"అబ్బాయి ఏమన్నడు చిన్నమ్మా అని నేనడిగిన. 'మీ ఇష్టం ఆంటీ' అన్నడట. చేసుకునేది మీరు, ఇష్టం మా చిన్నమ్మదా? అందుకే నో చెప్పిన."

"అదీ... మర్యాదకి అలా అన్నానండీ."

"మర్యాదకు పెండ్లి చేసుకుంటరా ఎవరన్న?"

లోహిత్ డబ్బాని రెండో చేతిలోకి మార్చుకున్నాడు. నెత్తిమీద ఉరుము ఉరిమింది. లోపలినుంచి ఓ పెద్దావిడ గొంతు ఇంగ్లీషులో వినిపించింది.

"గెస్ట్ ఆ? ఇంత వానలో వాకిట్లో నిలబెడతావేంటి, తన్మయీ! కమ్ ఇన్, కమ్ ఇన్. మకాన్ ఫస్ట్!"

ముందు భోజనం. సింగపూర్‌లో ఆ మాటకు ఎదురు చెప్పినవాడు లేడు. లోహిత్ అసలే చెప్పడు.

ఆ ఇల్లు యూదు కుర్రకారు కలిసి అద్దెకుండే ఇల్లు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరొచ్చినా భోజనం పెట్టడం అక్కడి పద్ధతి. ఇక్కడే పుట్టి పెరిగిన ఎజ్రా ఉంటాడు. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన తాలియా ఉంటుంది. తాలియా, తన్మయి ఒకే ఆఫీసు. 'బాబాయి ఇంట్ల ఉంటే వారానికో పెండ్లిచూపులు' అని తన్మయి ఏడుస్తుంటే, ఖాళీగా ఉన్న పైగది ఇప్పించింది తాలియానే. పిలిచిన పెద్దావిడ ఎజ్రా నాయనమ్మ, ఫ్లోరా ఆంటీ. వాళ్ల పెద్దలు బాగ్దాద్ నుంచి కలకత్తా, కలకత్తా నుంచి సింగపూర్ చేరారు. ఆవిడ కళ్లద్దాల వెనక కళ్లు మాత్రం ఎక్కడికీ కదలవు, ఎదుటి మనిషి మీదే ఉంటాయి.

బల్ల పొడవునా ప్లేట్లు పేర్చి ఉన్నాయి. వాన దెబ్బకి రావాల్సిన వాళ్లెవరూ రాలేదు.

"మీ ఫోన్ ఈ బుట్టల వెయ్యండి," అంది తన్మయి. "శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి రేపు చీకటి పడేదాక ఈ ఇంట్ల ఎవ్వరూ ఫోన్ ముట్టరు. సబ్బత్, వాళ్ల విశ్రాంతి రోజు. నేను యూదురాలిని కాదు, కానీ ఈ ఇంట్ల చేరిన్నాడే మాటిచ్చిన. ఆ ఒక్క రోజు వాళ్లెట్లనో నేనట్లనే."

లోహిత్ బుద్ధిగా ఫోన్ బుట్టలో వేశాడు. సకినాల డబ్బా వంటగది వైపు తీసుకెళ్లబోతే ఆపి, "వాళ్ల వంటగదికి ఏది తినొచ్చు, ఏది తినొద్దని వాళ్ల లెక్కలుంటయి, కోషర్ అంటరు. మన డబ్బా నా రూముల్నే," అని మేడ మీద పెట్టి వచ్చింది.

ఫోన్ గురించి చెప్పింది, వంటగది గురించి చెప్పింది. స్విచ్‌ల గురించి చెప్పలేదు. కథంతా అక్కడే వచ్చింది.

బల్ల మీద రెండు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఎజ్రా వైన్ గ్లాసు పట్టుకుని ఏదో ప్రార్థన పాడాడు. తర్వాత అందరూ చేతులు కడగడానికి ఇంటి మధ్యలో, పైకప్పు లేని గచ్చు పక్కనున్న సింకు దగ్గరికి వెళ్లారు. లోహిత్ బాత్రూమ్ ఎక్కడో అడిగి అటు నడిచాడు.

ఇప్పుడు అతని తండ్రి గురించి ఒక్క మాట. ఆయన తునిలో కరెంటు డిపార్ట్‌మెంట్ లైన్‌మన్. మనిషి లేని గదిలో లైటు వెలుగుతుంటే ఆయనకి అన్నం సహించేది కాదు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లలకు గదిలోంచి బయటికి రావడం, వేలు స్విచ్ మీదికి వెళ్లడం రెండూ ఒకే పని.

లోహిత్ బాత్రూమ్ లైటు ఆర్పాడు. నడవా లైటు ఆర్పాడు. భోజనాల గదిలో ఎవరూ లేరు. కొవ్వొత్తులు చక్కగా వెలుగుతుంటే పైన ట్యూబులైటు ఎందుకు? టక్. పక్కన చిన్న బల్ల మీద పెద్ద గిన్నె కింద ఏదో కరెంటు పళ్లెం వేడెక్కుతోంది. వంట అయిపోయింది కదా, మర్చిపోయారు పాపం. టక్.

నలుగురికి మేలు చేసిన తృప్తితో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ముందు ఎజ్రా వచ్చాడు. గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. వెనకొచ్చిన తాలియా అతన్ని గుద్దుకుంది. తన్మయి పైకి, కిందికి, లోహిత్ వైపు చూసింది. ఎవరూ నోరు మెదపలేదు.

"ఏమైందండీ?" అన్నాడు లోహిత్.

ఎజ్రా ట్యూబులైటు వైపు వేలు చూపించాడు. ఆ వేలు గిన్నె వైపు తిప్పాడు. తర్వాత రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఉప్పు కావాలా?" లోహిత్ ఉప్పు గిన్నె అందించాడు.

తాలియా దాన్ని తోసేసి గాలిలో ఏదో పిండుతున్నట్టు చేతులు తిప్పింది. తన్మయి పెదాలు గట్టిగా బిగించి నవ్వాపుకుంటోంది. ఆ నవ్వు ఆపుకోవడంలో ఆమె బుగ్గ మీద చిన్న సొట్ట పడింది. లోహిత్ ఉప్పు గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఫ్లోరా ఆంటీ తాపీగా వచ్చి కూర్చుని, గుడ్డ కింద నుంచి రొట్టె తీసి, ప్రార్థన చదివి, ముక్కలు తుంచి ఉప్పద్ది తలా ఒకటి పెట్టింది. అందరూ గబగబా నమిలి మింగారు. చేతులు కడిగాక ఆ రొట్టె ముక్క తినేదాకా మాట్లాడకూడదు మరి.

మింగడమే ఆలస్యం, ఎజ్రా గొంతు పక్కా సింగపూర్ ఇంగ్లీషులో లేచింది. "హూ ఆఫ్ ద లైట్, సియా!"

"నేనే బ్రో. ఖాళీగా ఉంది కదా అని..."

"చికెన్ కూడా ఆఫ్ చేశావా? అది రేపు లంచ్ మ్యాన్! రాత్రంతా వేడి మీద ఉండాలి!"

"మేం రేపు చీకటి పడేదాకా ఏ స్విచ్చీ ముట్టం," అంది తాలియా ఏడుపు మొహంతో. "వెలిగేది వెలుగుతుంది, ఆరిందా, ఆరినట్టే."

లోహిత్ మొహం పాలిపోయింది. "సారీ, సారీ! ఒక్క సెకను, వేసేస్తాను." లేచి స్విచ్ బోర్డు మీదికి దూకాడు.

"నో!" నాలుగు గొంతులు ఒకేసారి అరిచాయి.

అతని వేలు గాల్లో ఆగింది.

ఫ్లోరా ఆంటీ కూర్చోమని సైగ చేసింది. "వినవయ్యా. మా కోసం నువ్వు వెయ్యకూడదు. వెయ్యమని మేం అడగనూ కూడదు. నీకు కావాలనిపించి, నీ కోసం నువ్వు వేసుకుంటే అది వేరు. ఆ వెలుగులో మేమూ కూర్చోవచ్చు. మా తాతల ఇంట్లో ఇదే పద్ధతి."

"అయితే ఓకే ఆంటీ. నాకేం పర్లేదు. మీ ఇష్టం ఎలా అంటే అలా."

తన్మయి బల్ల మీద తల వాల్చి పడీపడీ నవ్వింది. "విన్నరా? ఈ మనిషి నోట్లో ఇంకో మాట లేదు!"

"ఏంటి జోక్?" అంది తాలియా.

"ఈయనే ఆయన. 'అప్ టు యూ ఆంటీ'."

"ఓ!" అని ఎజ్రా, తాలియా ఒకేసారి అన్నారు. అంటే ఈ ఇంట్లో అతని కథ అందరికీ తెలుసు. లోహిత్‌కి చెవులు వేడెక్కాయి.

ఫ్లోరా ఆంటీ చెంచాతో సూప్ కలుపుతూ గోడకి చెప్పినట్టు అంది. "రేపు మధ్యాహ్నం ఈ అబ్బాయిని కూడా లంచ్‌కి పిలుద్దామనుకున్నాను. చల్లటి చికెన్ అంటే అందరికీ ఇష్టం ఉండదు కదా."

"పర్లేదాంటీ, చల్లగా ఉన్నా తింటాను."

ఎజ్రా గిన్నె వైపు చావుబతుకుల్లో ఉన్న బంధువుని చూసినట్టు చూశాడు. తన్మయి ముందుకు వంగింది.

"లోహిత్ గారూ. ఆ గిన్నెల కోడి లోపల అన్నం కూరి, దాల్చినచెక్క, ఏలకులు వేసి వండిండు ఎజ్రా. పొద్దటిదాక ఆ వేడి మీద కూసుంటే అడుగున మాడుతది చూడండి, ఆ మాడు కోసం ఈ ఇంట్ల కొట్లాటలయితయి. మీకు చల్లటిది కావాలెనా, వేడిది కావాలెనా? మర్యాద పక్కన పెట్టి చెప్పండి."

లోహిత్ ముక్కుకి ఆ వాసన తగిలింది. తునిలో ఆదివారం మధ్యాహ్నం గుర్తొచ్చింది.

"వేడిది," అన్నాడు.

"ఎవరికి?"

"నాకు." గొంతు సవరించుకున్నాడు. "నాకు వేడి చికెన్ కావాలి. మాడు కూడా కావాలి."

"ఐతే మీ చికెన్ మీరు చూసుకోండి!"

అతను వెళ్లి కరెంటు పళ్లెం స్విచ్ వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. ఎజ్రా లేచి అతన్ని కౌగిలించుకున్నాడు. అదే ఊపులో లోహిత్ చెయ్యి ట్యూబులైటు స్విచ్ వైపు సాగింది.

"ఆగండాగండి," అంది తన్మయి. "కొవ్వొత్తులున్నయి కదా. మీకు కనిపిస్తలేదా?"

"కనిపిస్తోంది."

"మరి లైటెందుకు మీకు? కూసోండి."

భోజనం మొదలైంది. కొవ్వొత్తుల వెలుగులో, గచ్చు మీద వాన చప్పుడులో ఏది తింటున్నదీ లోహిత్‌కి సరిగా తెలియలేదు. ఎజ్రా పాట అందుకుంటే ఫ్లోరా ఆంటీ బల్ల మీద దరువేసింది. పాట రాకపోయినా లోహిత్ దరువు పట్టుకున్నాడు. తన్మయి రెండుసార్లు అతని వైపు చూసింది. రెండోసారి దొరికిపోయి, నీళ్ల జగ్గు కోసం చూస్తున్నట్టు నటించింది. జగ్గు ఆమె ముందే ఉంది.

అంతలో తాలియా నోరు జారింది. "సండే ఏం వేసుకుంటావు తన్మయీ? కౌశిక్ వస్తున్నాడుగా!"

బల్ల కింద తన్మయి కాలు కదిలింది. తాలియా "ఆవ్" అంది.

"కౌశిక్ ఎవరండీ?" అన్నాడు లోహిత్, మామూలుగా అడిగినట్టు.

"బాబాయి చూసిన ఇంకో సంబంధం." తన్మయి రొట్టె ముక్క తుంచుతూ చెప్పింది. "బ్యాంకుల చేస్తడు. రమ్మనాల్నా వద్దా, రేపు రాత్రి చెప్పాలె. రమ్మందామనే అనుకుంటున్న. అతను చిన్నమ్మతోని మాట్లాడలే, నేరుగా నాకే ఫోన్ చేసిండు. 'నాకు మిమ్మల్ని కలవాలని ఉంది' అన్నడు. గంతే. గంత చిన్న ముక్క."

ఆ చిన్న ముక్క లోహిత్ గొంతులో అడ్డంపడింది. నీళ్లు తాగాడు. రేపు రాత్రి ఆమె సరే అంటుంది. ఆదివారం కౌశిక్ వస్తాడు. తను మాత్రం డబ్బా ఇచ్చిన మనిషిగా మిగిలిపోతాడు.

"మీరు అంపైరింగ్ మళ్లీ చెయ్యలేదేంటండీ?" అన్నాడు ఉన్నట్టుండి.

తన్మయి చెయ్యి ఆగింది. "ఏం అంపైరింగ్?"

"క్రాంజీ గ్రౌండ్‌లో. మా ఐటీ వాళ్లకీ షిప్‌యార్డ్ కుర్రాళ్లకీ మ్యాచ్. అంపైర్ రాకపోతే మీ బాబాయి మిమ్మల్ని నిలబెట్టారు."

"అయ్యో, అది గుర్తు చెయ్యకండి! ఒకణ్ని ఎల్బీ అవుటిచ్చిన. మారు మాట్లాడకుండ పోయిండు. తర్వాత కీపర్ వచ్చి నవ్వుకుంట చెప్పిండు, అక్కా, బాల్ ముందు బ్యాట్‌కే తగిలిందని. నాకెంత బాధయిందో! ఆ హెల్మెట్ మనిషి ఎవరో ఇప్పటికీ..." ఆమె మాట అక్కడే ఆగిపోయింది. అతన్ని చూసింది. "మీరా?"

"నేనేనండీ."

"బ్యాట్‌కి తగిలిందా?"

"గట్టిగానే తగిలింది."

"మరి చెప్పలేదెందుకు!"

"చెప్పేవాణ్నే. కానీ మీరు వేలెత్తిన తీరు... అంత ధీమాగా వేలెత్తిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. చూస్తూ నడుచుకుంటూ వెళ్లిపోయాను."

"వాట్ ఈజ్ హీ సేయింగ్?" తాలియా ఎజ్రా భుజం గిల్లింది.

"క్రికెట్," అన్నాడు ఎజ్రా. అతనికి తెలుగులో అర్థమైన ముక్క అదొక్కటే.

"క్రికెట్ కాదు," అంది ఫ్లోరా ఆంటీ. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు.

తన్మయి గొంతు తగ్గింది. "అంటే మా చిన్నమ్మ మిమ్మల్ని అడగకముందే మీరు నన్ను చూసిన్రు."

"చూశాను."

"చూసి?"

సరిగ్గా అప్పుడు ఒక కొవ్వొత్తి చిటపటలాడి ఆరిపోయింది. రెండోది ఒకసారి పైకి లేచి, మైనం మడుగులో మునిగింది. గది మొత్తం నల్లటి చీకటి. గిన్నె కింద ఎర్ర చుక్క తప్ప ఏమీ కనిపించడం లేదు.

వాన చప్పుడు ఒక్కసారిగా దగ్గరికొచ్చినట్టయింది.

లోహిత్ లేచాడు. గోడ తడుముకుంటూ రెండడుగులు వేశాడు. స్విచ్ వేలికి తగిలింది.

"మా కోసం వద్దు, లా," చీకట్లోంచి ఎజ్రా హెచ్చరించాడు. "మేం ఇలాగే ఉండగలం."

"మా కోసం వెయ్యకండి," అంది తన్మయి. ఈసారి ఆ గొంతులో ఆటపట్టింపు లేదు. ఏదో ఎదురుచూస్తున్న గొంతు.

లోహిత్ వేలు స్విచ్ మీదే ఉంచాడు. బడిలో, ఇంట్లో, ఆఫీసులో ఎప్పుడూ అనని మాట అది. ఎప్పుడు నోటిదాకా వచ్చినా మర్యాదగా మింగేసిన మాట.

"మీ కోసం కాదు," అన్నాడు. "ఆంటీ కోసం కాదు, మీ చిన్నమ్మ కోసం కాదు, మా అమ్మ కోసం కూడా కాదు. నాకు మిమ్మల్ని చూడాలని ఉంది. ఆ రోజు గ్రౌండ్‌లో చూసినప్పటి నుంచీ ఉంది. తన్మయీ, మీరంటే ఇష్టం. నాకు. ఇప్పుడు మీ మొహం ఎలా ఉందో చూడాలి. నా కోసమే వేస్తున్నాను."

టక్.

ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. అందరూ కళ్లు చికిలించారు, తన్మయి తప్ప. ఆమె కళ్లు అప్పటికే అతను నిలబడ్డ చోటే ఉన్నాయి. బుగ్గ మీద సొట్ట ఉంది. కళ్లలో తడి ఉంది.

"చూసిన్రా?" అంది.

"చూశాను."

"ఎట్లుంది?"

"కరెంటు దండగ కాలేదు."

ఆమె నవ్వేసింది. తాలియా ఆమె చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "ట్రాన్స్‌లేట్! ట్రాన్స్‌లేట్!" అని గోల పెట్టింది.

"అక్కర్లేదు," అంది ఫ్లోరా ఆంటీ. "లైటు ఎందుకు వేసుకున్నావు బాబూ?"

"నాకు కావాలనిపించి, ఆంటీ."

"అయితే ఈ వెలుగు మనందరికీ కోషర్." ఆవిడ లేచి వచ్చి, ప్రతి శుక్రవారం మనవడి తల మీద పెట్టినట్టే లోహిత్ తల మీద రెండు చేతులూ పెట్టి ఏదో చదివింది. తర్వాత తన్మయిని కూడా దగ్గరికి లాగి, ఆమె తల మీదా పెట్టింది. "రేపు లంచ్‌కి ఆలస్యం చెయ్యకు. మాడు ఎజ్రా తినేస్తాడు."

వాన వెలిశాక లోహిత్ బుట్టలోంచి ఫోన్ తీసుకున్నాడు. అరుంధతి ఆంటీ మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి. దారి కాని దారిలో ఆ డబ్బా ఎందుకు పంపిందో అతనికి ఇప్పుడర్థమైంది.

తన్మయి గుమ్మం దాకా వచ్చింది. బయట రోడ్డంతా నీళ్లు, నీళ్లంతా దీపాలు.

"మీ బాబాయికి ఏం చెబుతారు?" అని అడిగాడు. 'మీ ఇష్టం' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపాడు. "కౌశిక్‌ని రావొద్దని చెప్పండి. నాకు అదే కావాలి."

"అబ్బో! ఒక్క పూటకే మస్తు నేర్చిన్రు."

ఇంటి బయటికి అడుగు పెట్టబోతుంటే అతని వేలు దానంతటది గుమ్మం పక్కనున్న స్విచ్ మీదికి వెళ్లింది. వేలు తగిలేలోపు తన్మయి ఆ చేతిని పట్టేసుకుంది.

"పోనీ అనుకుంటే మొదటికే వస్తవేంది! రేపు చీకటి పడేదాక ఇది వెలుగుతనే ఉండాలె."

"సారీ, అలవాటు."

చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

"రేపు లంచ్‌కి నువ్వెట్లనో వస్తున్నవ్. చీకటి పడ్డంక ఫోన్ ముట్టొచ్చు. నీ ముందే బాబాయికి చేస్తా."

"ఏమని?"

తన్మయి రెండో చేతి వేలు పైకెత్తింది. క్రాంజీ గ్రౌండ్‌లో ఎత్తినట్టే, అంతే ధీమాగా. అతని కళ్లలోకి చూస్తూ, ఆ వేలిని నెమ్మదిగా కిందికి దించింది.

"అంపైర్ తప్పు చేసింది బాబాయ్, ఈ పిల్లగాడు నాటౌట్ అని."